పద్నాలుగో స్తంభం దగ్గర చేప

మా వదిన నీళ్ళలోకి దిగితే మా అన్నయ్య పైన తాడు పట్టుకుని నిలబడతాడు. పదహారేళ్ళుగా వాళ్ళ కాపురం అదే. అంతకుముందు దిగేవాడు అన్నయ్యే. ఒకసారి లోతులో ఎడమ చెవి కర్ణభేరి పగిలింది. ఇక నీళ్ళ మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. వారం రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు అన్నయ్య. ఎనిమిదో రోజున వదిన అతని రబ్బరు సూటు తీసి, నడుం దగ్గర కత్తిరించి అతికించి, తొడుక్కుని వచ్చి మంచం పక్కన నిలబడింది.

"తాడు పట్టుకోవడం వచ్చా మీకు?" అని అడిగింది.

ఆ రోజు నుంచి హార్బర్లో జెట్టీల కింద పని ఆవిడదే. స్తంభాలకి పట్టిన గుల్లలు గీకడం, సుత్తితో కొట్టి చప్పుడు వినడం, ఏ స్తంభం ఎలా ఉందో కాగితం మీద రాసివ్వడం. నేను హార్బర్ ఆఫీసులో టైపిస్టుని. ఆవిడ పెన్సిల్‌తో కోడి కెలికినట్టు రాసిచ్చిన రిపోర్టుని నేను మనుషులు చదివేలా టైపు చేస్తాను.

ఆ ఫారం చివర్లో "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఎవరూ నింపరు. వదిన నింపుతుంది. "ఆరో స్తంభం కింద పెయింటు డబ్బా, అందులో ఆక్టోపస్ కాపురం" అని ఒకసారి. "ఎవరిదో ఎడమకాలి చెప్పు, కొత్తది" అని ఒకసారి. ఎందుకు వదినా ఇవన్నీ అంటే, "గడి పెట్టారు కదా, చూసింది రాయమనేగా" అనేది.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో, ఆ గడిలో ఇలా రాసింది: "ఫెర్రీ జెట్టీ, పద్నాలుగో స్తంభం దగ్గర వేలెడంత చేప. ముదురు నీలం. ఒంటినిండా తెల్లటి రింగులు, చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాగా. ఇలాంటిది ఇక్కడ ఎప్పుడూ చూడలేదు."

మాది బూడిదరంగు సముద్రం. చేపలూ బూడిదరంగే. మా మేనేజరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన్ని వెనకాల మేమంతా ఇస్త్రీ సార్ అంటాం. చొక్కాకే కాదు, మాటలకి కూడా మడత పడనివ్వడు. సరదాకి ఆ కాగితాన్ని చేపల శాఖకి పంపించాడు. నెల తిరక్కుండా జవాబొచ్చింది. అటువంటి చేప పగడపు దిబ్బలుండే వేడి సముద్రాల్లోనే ఉంటుందనీ, ఇక్కడికి చాలా దూరమనీ, చూసినవారు పొరబడి ఉంటారనీ. దాన్ని టీ వేళ అందరికీ గట్టిగా చదివి వినిపించాడు ఇస్త్రీ సార్. అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. ఆ సంగతి ఇప్పటికీ నాకు సిగ్గే.

ఆ తర్వాత హార్బర్లో వదిన పేరే మారిపోయింది. రంగుల వదిన! మూటలు మోసేవాళ్ళు కూడా, "వదినా, ఇవాళ ఏ రంగు కనపడింది?" అనేవాళ్ళు.

"నీ మొహం రంగైతే కాదు, అది నీళ్ళు తగలకముందే వెలిసింది" అనేది వదిన. నోటికి నోరే. కానీ ఇంటికొచ్చాక ఉతికిన సూటునే మళ్ళీ మళ్ళీ ఉతికేది.

ఈ ఏడాది అసలు గొడవ మొదలైంది. ఫెర్రీ సీజను మొదలవడానికి ఇంకా పది రోజులుందనగా వదిన ఆ జెట్టీ కిందికి దిగింది. అది పాత కొయ్య జెట్టీ. నలభై స్తంభాలు. పైకొచ్చాక పెదాలు నీలంగా ఉన్నాయి. అన్నయ్య టీ పోసిస్తే తాగలేదు. తడి చేత్తోనే పెన్సిల్ అందుకుంది.

"పన్నెండు, పద్నాలుగు, పదిహేను లోపల డొల్ల. పైకి బాగానే కనిపిస్తాయి. గీకుడు కత్తి పిడి దాకా దిగింది. జనాన్ని ఎక్కించకూడదు."

కింద గడిలో ఇలా రాసింది: "పద్నాలుగు దగ్గర పెద్ద చేప. రెండు అరచేతులంత. నీలం మీద పసుపు చారలు, కళ్ళకి నల్లటి గంత కట్టినట్టుంది."

టైపు చేస్తూ నేనే ఆగిపోయాను. "వదినా, స్తంభాల సంగతి చాలు. ఈ చేపని వదిలెయ్యి. మళ్ళీ ఎందుకు?"

"చూశాను కదా" అంది.

మర్నాడు ఇస్త్రీ సార్ మా ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఒకటి రెండేళ్ళనాటిది, ఒకటి నిన్నటిది.

"అమ్మా, అప్పుడు రింగులన్నారు. ఇప్పుడు చారలంటున్నారు. వచ్చే ఏడాది రెక్కలంటారేమో."

"అప్పుడు రింగులే ఉన్నాయి. ఇప్పుడు చారలే ఉన్నాయి."

"లేని చేపని రెండు రంగుల్లో చూసిన మనిషి, మంచి స్తంభంలో డొల్ల చూడదని నమ్మకమేమిటి? ఫెర్రీకి అనుమతిచ్చే కమిటీ ముందు ఇది పెడితే నన్ను చూసి నవ్వుతారు." గొంతు తగ్గించి, మరో కాగితం ముందుకు తోశాడు. "మీ మంచికే చెప్తున్నాను. ఈ చేపల గోల తీసేద్దాం. స్తంభాల దగ్గర 'కొంత అరుగుదల ఉంది, సీజను తర్వాత చూడాలి' అని రాద్దాం. సంతకం పెట్టండి."

వదిన ఆ కాగితం చదివింది. నిదానంగా, వేలు పెట్టి, ఒక్కో పదం. చదివి వెనక్కి తోసింది.

"కొంత అరుగుదల కాదు సార్. డొల్ల."

"పోనీ, ఆ ఒక్క మాట మీ ఇష్టం. చేప మాత్రం కొట్టేయండి."

"ఇవాళ చేపని కొట్టేస్తే, రేపు స్తంభాన్ని కొట్టెయ్యమంటారు. రెండిటినీ చూసినవి ఈ కళ్ళే. వీటిల్లో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది లేవు."

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మీరు."

"నేను కుందేళ్ళని పట్టను సార్, స్తంభాలు చూస్తాను. నా సంతకం కావాలంటే నేను రాసిందాని కిందే పెడతాను."

ఇస్త్రీ సార్ చొక్కా కఫ్‌లు సర్దుకున్నాడు. "రేపటి నుంచి మీరు దిగనక్కర్లేదు. సోమవారం కమిటీకి నేనే చెప్పుకుంటాను." నా వైపు తిరిగి, ఆ కాగితం ఇచ్చాడు. "ఇది టైపు చేసి ఉంచమ్మా."

"అలాగే సార్" అన్నాను. ఇరవై రెండేళ్ళుగా అలవాటైన మాట. నోరు దానంతటదే అనేసింది. బయటికొచ్చాక వదిన నా చేతిలో కాగితాన్ని ఒకసారి చూసి, అన్నయ్య దగ్గరికి నడిచింది. తిడితే బాగుండేది.

ఆ సాయంత్రం అన్నయ్యే అన్నాడు, అవతలి ఒడ్డున కాలేజీలో చేపల మ్యూజియం ఉంది, అక్కడి మాస్టారిని అడిగితే సరి అని. "ఆయన తిడితే తిడతాడు. ఇప్పటికే ఊరంతా నవ్వుతోంది, ఇంకొకడు నవ్వితే వచ్చిన నష్టమేమిటి?"

శనివారం ముగ్గురం బస్సులో చుట్టూ తిరిగి వెళ్ళాం. పొడుగాటి గది. గోడల నిండా సీసాలు, సీసాల నిండా పాలిపోయిన చేపలు. మాస్టారు బక్కగా ఉన్నాడు. వదిన చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. కళ్ళు తెరిచి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"రింగులకీ చారలకీ మధ్యలో ఏమైనా చూశావా తల్లీ?"

వదిన తల దించుకుంది. హార్బర్ మొత్తం ఎదురుగా నిలబడి నవ్వినా తల దించని మనిషి.

"చూశాను" అంది చివరికి. "పోయిన చలికాలంలో. ముందువైపు రింగులు తెగి తెగి ఉన్నాయి. వెనకవైపు పసుపు గీతలు మొలుస్తున్నాయి. ఏదో జబ్బు చేసిందనుకున్నాను. రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"నవ్వుతారని."

ఆ నెల కాగితం నాకు గుర్తే. "ఇతర విషయాలు" ఖాళీ. హమ్మయ్య, వదినకి బుద్ధొచ్చింది అనుకుంటూ ఆ ఖాళీని హాయిగా టైపు చేశాను నేను.

మాస్టారు లేచి, పెద్ద పుస్తకం ఒకటి రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద తెరిచాడు. ఒక పేజీలో నీలం మీద తెల్ల రింగుల చేప. ఎదుటి పేజీలో పసుపు చారలు, కళ్ళకి నల్ల గంత.

"ఇదే!" అంది వదిన. "ఇదీ ఇదే!"

"రెండూ ఒక్కటే తల్లీ. ఎంపరర్ ఏంజెల్ అంటారు. చిన్నప్పుడు రింగులు, పెరిగాక చారలు. మధ్యలో కొన్నాళ్ళు నువ్వు చూసిన అతుకుల బొంత. ఒకప్పుడు పెద్ద పెద్ద పండితులే ఇవి వేరువేరు చేపలనుకుని రెండు పేర్లు పెట్టారు. నువ్వు పొరబడలేదు. నువ్వు చూసిందాన్ని చూసినట్టు చెప్పావు కాబట్టే నాకు తెలిసింది."

అన్నయ్య కుడి చెవి ఆయనవైపు పెట్టి వింటున్నాడు. "మరి అంత దూరం నుంచి ఎలా వచ్చింది మాస్టారూ?"

"ఈదుకుంటూ రాలేదు. ఎవరో గాజు తొట్టెలో పెంచి, విసుగొచ్చి జెట్టీ మీంచి పారేసి ఉంటారు. నాకు అర్థం కానిది ఒక్కటే. మన చలికాలంలో అది ఒక్క వారం కూడా బతకకూడదు. ఏకంగా రెండు చలికాలాలు ఎలా గట్టెక్కింది?"

వదిన వెంటనే చెప్పింది. "అక్కడ నీళ్ళు వెచ్చగా ఉంటాయి. ఐస్ ఫ్యాక్టరీవాళ్ళ వేడినీళ్ళ గొట్టం పద్నాలుగో స్తంభం పక్కనే వదులుతుంది. మూడేళ్ళయింది వేసి. చలికాలంలో నేను పని మధ్యలో చేతులు కాచుకునేది అక్కడే."

మాస్టారు పుస్తకం మీద చెయ్యి అలాగే ఉంచి ఆవిడని చూశాడు. "కొయ్యని తొలిచే పురుగులుంటాయి కదా, ఓడల్ని తినేవి?"

"ఉంటాయి. కానీ చలికి అవి చప్పబడిపోతాయి. అందుకే ఈ జెట్టీ ఇన్నాళ్ళు నిలబడింది."

"అంతటా చప్పబడ్డాయి. ఆ గొట్టం దగ్గర తప్ప. మీ చేప బతికిన చోట అవీ బతికాయి. ఏడాదంతా మేస్తూనే ఉన్నాయి."

తీసెయ్యమని ఇస్త్రీ సార్ పట్టుబట్టిన ఆ ఒక్క వాక్యమే, స్తంభాలు ఎందుకు డొల్లయ్యాయో చెబుతోంది.

మాస్టారు నీళ్ళలో ఫోటోలు తీసే కెమెరా ఇచ్చాడు. ఆదివారం మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగానే వదిన ఫెర్రీ జెట్టీ మీద సూటు తొడుక్కుంది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

"వదినా, నిన్ను దిగనివ్వొద్దన్నాడు సార్. నా ఉద్యోగం పోతుంది."

"నీ రిజిస్టరు తీసుకురా" అంది వదిన. తెచ్చాడు. "రాసుకో. ఆపాను, అయినా వినలేదు అని రాయి. టైము కూడా వెయ్యి. కింద నేను సంతకం పెడతాను. రేపు సార్ అడిగితే నీ తప్పేమీ లేదు."

సంతకం పెట్టి, అద్దం మొహానికి బిగించుకుని, నిచ్చెన మెట్లు దిగి వెళ్ళిపోయింది. అన్నయ్య తాడు వదులుతూ నిలబడ్డాడు. గొట్టంలో వదినకి గాలి పంపే మిషను డబడబమంటోంది. నేను పలకల సందుల్లోంచి కిందికి చూస్తే బుడగలు తప్ప ఏమీ కనబడలేదు. అన్నయ్య మాత్రం తాడు మీద వేళ్ళు పెట్టి, నాడి చూసే డాక్టర్లా, "ఇప్పుడు పన్నెండు దాటింది... ఆగింది... పద్నాలుగు" అని చెబుతూనే ఉన్నాడు. చాలాసేపు కదలిక లేదు. తర్వాత తాడు రెండుసార్లు గట్టిగా గుంజింది. పైకి లాగమని.

పైకొచ్చిన వదిన ఎడమ చేతికి మోచెయ్యి దాకా గీరుకుపోయి నెత్తురు కారుతోంది. అద్దం తీసి నవ్వింది. రెండేళ్ళలో అంత నవ్వు నేను చూడలేదు. "నా మీదికి యుద్ధానికొచ్చింది, అది దాని ఇల్లట" అంది.

సోమవారం పొద్దున్నే ఇస్త్రీ సార్ నా బల్ల దగ్గరికొచ్చాడు. "ఆ రిపోర్టు ఇవ్వమ్మా, కమిటీ వచ్చేసింది."

మొన్న నాకిచ్చిన కాగితం, ఎలా ఇచ్చాడో అలాగే ఆయన చేతిలో పెట్టాను.

"టైపు చెయ్యలేదేం?"

"చెయ్యనండీ. అది చూసినవాళ్ళు రాసింది కాదు." ఈసారి ఆ మాట నేనే అన్నాను. "అసలు రిపోర్టు ఫైల్లో పెట్టాను. కమిటీలో అందరికీ తలో కాపీ కూడా పెట్టాను."

ఆయన నన్ను కొత్తగా చేరిన మనిషిని చూసినట్టు చూశాడు. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. కఫ్‌లు సర్దుకుని లోపలికి వెళ్ళాడు.

కమిటీలో ఆరుగురు. నలుగురు ఆఫీసువాళ్ళు, ఒక ఇంజనీరు, ఫెర్రీ కెప్టెన్. కెప్టెన్ పెద్దాయన, ముప్ఫై ఏళ్ళు ఆ ఫెర్రీనే నడిపినవాడు. మీటింగుల్లో పెదవి విప్పడు. ఇస్త్రీ సార్ లేచి, ఈ రిపోర్టు రాసినావిడ కష్టజీవే గానీ ఊహాశక్తి జాస్తి అని, రింగుల కథా చారల కథా చెప్పి, అందరూ నవ్వడానికి కొంచెం ఆగాడు. ఇద్దరు నవ్వారు కూడా.

తలుపు దగ్గర నిలబడ్డ వదిన, పిలవకుండానే లోపలికొచ్చింది. మాస్టారి పుస్తకం తెరిచి వాళ్ళ మధ్య పెట్టింది. దాని పక్కన, కాలేజీలో పెద్దదిగా వేయించిన ఫోటో పెట్టింది.

ఆ ఫోటో గురించి చెప్పాలి. స్తంభం మీద 14 అని ఇత్తడి బిళ్ళ స్పష్టంగా ఉంది. బిళ్ళ కింద వదిన ఎడమ చెయ్యి స్తంభంలోకి మోచెయ్యి దాకా దూరి ఉంది. ఆ చేతికి జానెడు దూరంలో, కెమెరాకేసి కోపంగా చూస్తూ ఆ చేప. బూడిదరంగు నీళ్ళ మధ్య పసుపూ నీలమూ మండిపోతున్నాయి. ఎవరో దీపం వెలిగించి పట్టుకున్నట్టుంది.

వదిన పుస్తకంలో రెండు పేజీలూ చూపించి, వేడినీళ్ళ గొట్టం గురించి, పురుగుల గురించి చెప్పింది. గట్టిగా మాట్లాడలేదు. పోయిన చలికాలం తను రాయకుండా దాచిన సంగతి కూడా చెప్పింది. "అది నా తప్పు. నవ్వుతారని భయపడి ఖాళీగా వదిలేశాను. అప్పుడే రాసుంటే, ఎవరో ఒకరు అడిగుండేవాళ్ళు. ఇక వదలను. నవ్వేవాళ్ళు నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. కెప్టెన్ ఫోటో దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ చెయ్యి నీదేనామ్మా?"

"నాదే."

"అంతకంటే లోపలికి వెళ్ళలేదా?"

"కన్నం ఇరుకు, పట్టలేదు."

"వేళ్ళకి అటువైపు ఏమైనా తగిలిందా?"

"ఏమీ తగల్లేదు. నీళ్ళే."

కెప్టెన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "రేపటాదివారం నుంచి నా ఫెర్రీ మీద రోజుకి ఎనిమిది వందలమంది ఎక్కి దిగుతారు. ఆ జెట్టీకి నేను తాడు కట్టను."

"కెప్టెన్ గారూ, టైంటేబుల్ అచ్చయిపోయింది..." అన్నాడు ఇస్త్రీ సార్.

"అయితే మీరొచ్చి కట్టండి. మీరే ఆ పలకల మీద నిలబడి ఒక్కొక్కర్నీ చెయ్యిచ్చి దింపండి."

దాంతో అయిపోయింది. ఇంజనీరు అప్పుడు గానీ రిపోర్టు మొదటి పేజీ చదవడం మొదలుపెట్టలేదు. ఆ మధ్యాహ్నమే జెట్టీకి అడ్డంగా గొలుసు కట్టారు. ఫెర్రీ ఆ సీజనంతా సరుకుల జెట్టీ దగ్గర ఆగింది. జనం తిట్టుకున్నారు, ఎండలో నడిచారు. ఒక్కరు కూడా నీళ్ళలో పడలేదు. మూడు వారాల తర్వాత క్రేను తెచ్చి పద్నాలుగో స్తంభాన్ని పట్టుకుని లాగితే, అది పైకి రాలేదు. మధ్యకి విరిగి, నానిన రొట్టెలా రాలిపోయింది.

అంతా శుభం అనుకుంటే పొరపాటే. ఇస్త్రీ సార్ తన కుర్చీలోనే ఉన్నాడు. పేపరువాళ్ళతో, మా నిత్య పర్యవేక్షణ వల్లనే ముప్పు తప్పింది అన్నాడు. వదినకి మళ్ళీ కాంట్రాక్టు ఇవ్వలేదు. నా టైపు మిషన్ని స్టోరు గదిలో తుప్పు గొలుసుల పక్కకి మార్చారు. వదినకి కెప్టెన్ వాళ్ళ కంపెనీలో ఫెర్రీల అడుగుభాగాలు చూసే పని దొరికింది. అన్నయ్య తాడుతో సహా. నేను స్టోరు గదిలోనే ఉన్నాను. అక్కడ ఎవరికీ "అలాగే సార్" అనక్కర్లేదు, గొలుసులు నోరెత్తవు.

చేపల శాఖ నుంచి కూడా ఉత్తరం వచ్చింది. ఇది ఈ తీరంలో మొదటిసారి దొరికిన ఆధారమని మెచ్చుకుంటూ, చూసినవారు అన్నచోట "హార్బర్ మేనేజరు" అని రాశారు. వదిన ఆ ఉత్తరం పట్టుకుని బస్సెక్కి వాళ్ళ ఆఫీసుకే వెళ్ళింది. దిద్దేదాకా వరండాలో బెంచీ మీద కూర్చుంది. మూడు గంటలు. దిద్దించుకునే వచ్చింది. ఆ ఉత్తరంలోనే ఇంకో ముక్క ఉంది. ఈ చేప స్థానికం కాదు కాబట్టి తీసివెయ్యవలసింది అని. ఎలాగూ చలికాలానికి ముందే గొట్టం మార్చేస్తున్నారు. అక్కడే ఉంటే చలికి చస్తుంది.

"చంపడానికి నేను పట్టను" అని మాస్టారికి చెప్పేసింది వదిన. "మీ తొట్టెలో వెచ్చటి నీళ్ళు పెడతానంటేనే పడతాను."

పట్టడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు వల చింపింది. రెండో రోజు వదిన బొటనవేలు కొరికింది. మూడో రోజంతా గొట్టం కింద రాళ్ళ సందులోంచి బయటికే రాలేదు. నాలుగో రోజున ఇద్దరూ అలిసిపోయాక వల్లో పడింది.

కాలేజీ అవతలి ఒడ్డున ఉంది. మూత ఉన్న పెద్ద డబ్బాలో వెచ్చటి సముద్రపు నీళ్ళు పోసి, కెప్టెన్ ఫెర్రీలోనే తీసుకెళ్ళాం. వదిన డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సగం దారిలో డబ్బాలోంచి చప్పుడు మొదలైంది. టక్, టక్, టక్. ఎవరో తలుపు కొడుతున్నట్టు. పక్క బెంచీల మీద జనం తిరిగి చూశారు. అన్నయ్య కంగారుపడి, కుడి చెవి డబ్బాకి ఆనించాడు.

"డబ్బాకి కొట్టుకోవట్లేదు, గొంతులోంచే చేస్తోంది ఆ చప్పుడు. దానికేమైనా అవుతోందేమో చూడు."

వదిన మూత కొంచెం తీసి తొంగి చూసింది. చేప రెక్కలు విప్పుకుని, నీళ్ళలో నిటారుగా నిలబడి, ఆవిడ మొహంలోకే చూస్తూ మళ్ళీ టక్కుమంది.

"ఏం కాలేదు. తిడుతోంది" అంది వదిన, మూత వేసేస్తూ. "తిట్టనీండి. ఇల్లు ఖాళీ చేయిస్తే నేనైనా తిడతాను."